'నెట్ పోయింది సార్' అంటే అసలేం పోయినట్టు? వ్యాపారులు తెలుసుకోవాల్సిన కంప్యూటర్, నెట్‌వర్క్ మాటలు ఇవే..!

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అనుకుందాం. 25 కిలోల బ్రాండ్ బస్తాలు లారీకి ఎక్కాయి. కాంటా అయిపోయింది. డ్రైవర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఈ-వే బిల్లు ఒక్కటి చేతికొస్తే లారీ గేటు దాటుతుంది. అప్పుడే లోపలి నుంచి ఆపరేటర్ కేక.. "సార్, నెట్ పోయింది!"

సరే, పోయింది. మరి ఇప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? కేబుల్ అబ్బాయికా? కంప్యూటర్ రిపేర్ చేసేటాయనకా? ఆడిటర్‌కా? చాలా చోట్ల ముగ్గురికీ చేస్తారు. ముగ్గురూ "మా వైపు అంతా ఓకే" అంటారు. ఈలోగా గంట గడిచిపోతుంది.

ఎందుకంటే 'నెట్ పోయింది' అనే ఒక్క మాట వెనక కనీసం అయిదారు వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఆఫీసులో వైరు ఊడి ఉండొచ్చు. రౌటర్ హ్యాంగ్ అయి ఉండొచ్చు. రోడ్డు పనుల్లో ఫైబర్ తెగి ఉండొచ్చు. డీఎన్ఎస్ పనిచేయకపోవచ్చు. అవతల పోర్టల్ సర్వరే ఆగిపోయి ఉండొచ్చు. నెట్ బాగానే ఉండి, ఓటీపీ వేరేవాళ్ల ఫోన్‌కు వెళ్తుండొచ్చు కూడా. రోగం పేరు తెలియకుండా మందు అడిగితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

మిల్లు అయినా, జడ్చర్లలో ఎరువుల దుకాణం అయినా, నారాయణపేట, గద్వాల, పోచంపల్లి చీరల షోరూమ్ అయినా.. ఈ మాటలు తెలిస్తే రెండు లాభాలు. ఒకటి, పని ఆగదు. రెండు, మోసపోరు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆఫీసు లోపల: ల్యాన్, స్విచ్, రౌటర్, ఓఎన్‌టీ

ల్యాన్ అంటే మీ ఆవరణ లోపలి నెట్‌వర్క్. బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, కాంటా దగ్గరి కంప్యూటర్, సీసీ కెమెరాల డబ్బా.. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ల్యాన్ మీదే. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు. బయట ఫైబర్ తెగినా ఆఫీసులో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోని ఫైల్ తెరవొచ్చు, ప్రింట్ ఇవ్వొచ్చు. అలా కూడా అవ్వట్లేదంటే తప్పు బయట లేదు, మీ లోపలే ఉందని అర్థం.

స్విచ్ అంటే లోపలి వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా. రౌటర్ అంటే లోపలి నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌తో కలిపే డబ్బా. ఓఎన్‌టీ అంటే ఫైబర్‌లో కాంతి రూపంలో వచ్చే సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే పరికరం. చిన్న ఆఫీసుల్లో ఓఎన్‌టీ, రౌటర్ రెండూ ఒకే డబ్బాలో వస్తున్నాయి. అందుకే అందరం దాన్ని 'వైఫై డబ్బా' అనేస్తున్నాం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మామూలు ల్యాన్ కేబుల్ 100 మీటర్ల వరకే సరిగ్గా పనిచేస్తుంది. మిల్లుల్లో ఆఫీసుకీ కాంటా గదికీ మధ్య దూరం అంతకంటే ఎక్కువే ఉంటుంది. రాగి కేబుల్‌నే సాగదీసి లాగితే ఒక రోజు పనిచేస్తుంది, ఇంకో రోజు చేయదు. పైగా పిడుగుపాటు కరెంట్ ఆ వైరు గుండా వచ్చి రెండు వైపులా డబ్బాలు కాలిపోయే ప్రమాదం ఉంది. దూరం ఎక్కువైతే మధ్యలో ఫైబర్ వేయించండి. గాజు తీగలో కరెంట్ పారదు.

వైఫై విషయానికొస్తే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. రెండోది వేగంగా ఉంటుంది, గోడ అడ్డొస్తే బలహీనపడుతుంది. బిల్లింగ్ కంప్యూటర్‌కు మాత్రం వైఫై కంటే వైరే మేలు.

స్పీడ్ లెక్క: క్యూసెక్కులు వేరు, టీఎంసీలు వేరు

"మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. 200 ఎంబీ ఫైల్ సెకనులో దిగాలి కదా? ఎందుకు దిగట్లేదు?" ఇది తరచూ వినిపించే ఫిర్యాదు.

సాగర్, జూరాల వార్తలు రోజూ వినే మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఇన్‌ఫ్లో క్యూసెక్కుల్లో చెబుతారు, నిల్వ టీఎంసీల్లో చెబుతారు. ఒకటి సెకనుకు పారే వేగం, ఇంకోటి మొత్తం నీళ్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఇక్కడా అంతే. ఎంబీపీఎస్ అంటే పారే వేగం. ఎంబీ, జీబీ అంటే మొత్తం సరుకు.

ఇంకో తిరకాసు ఉంది. వేగాన్ని 'బిట్‌'లలో చెబుతారు, ఫైల్ సైజును 'బైట్‌'లలో చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 200 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు వచ్చేది గరిష్ఠంగా 25 ఎంబీ. 200 ఎంబీ ఫైల్‌కు 8 సెకన్లు పడుతుంది. ప్లాన్ నంబర్‌ను 8తో భాగించి చూస్కోండి, అసలు వేగం తేలిపోతుంది.

బ్యాండ్‌విడ్త్ అంటే కాలువ వెడల్పు లాంటిది. గరిష్ఠంగా ఎంత పారగలదో అది చెబుతుంది. అయితే మీ వీధిలో ఒకే లైన్‌ను చాలామంది పంచుకుంటారు. సాయంత్రం అందరూ వీడియోలు పెట్టుకుంటే మీకు తగ్గుతుంది. చివరి ఆయకట్టు రైతు బాధ ఏమిటో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ప్రకటనల్లో 'అప్‌టు' అన్న చిన్న మాట అర్థం ఇదే. అంత వరకు రావొచ్చు అన్నారు తప్ప, ఎప్పుడూ అంతే వస్తుందని కాదు.

డౌన్‌లోడ్ అంటే మీకు వచ్చేది, అప్‌లోడ్ అంటే మీరు పంపేది. ఇంటికి డౌన్‌లోడ్ ముఖ్యం. వ్యాపారానికి అప్‌లోడ్ కూడా అంతే ముఖ్యం. చీరల ఫొటోలు, వీడియోలు కస్టమర్లకు పంపడం, క్లౌడ్‌కు బ్యాకప్ చేయడం, సీసీ కెమెరాలను ఇంటి దగ్గర ఫోన్‌లో చూడటం.. ఇవన్నీ అప్‌లోడ్ మీదే నడుస్తాయి. ఒక్కో కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున 8 కెమెరాలు ఒకేసారి చూస్తే అప్‌లోడ్‌లో 16 ఎంబీపీఎస్ అక్కడే అయిపోతుంది. కనెక్షన్ తీసుకునే ముందు "అప్‌లోడ్ ఎంత?" అని కచ్చితంగా అడగండి.

లేటెన్సీ అంటే మీరు అడిగిన దానికి జవాబు రావడానికి పట్టే సమయం. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. 'పింగ్' అని చూపించేది ఇదే. కాలువ ఎంత వెడల్పున్నా, తూము ఎత్తాక నీళ్లు పొలం చేరడానికి టైమ్ పడుతుంది కదా! స్పీడ్ టెస్టులో నంబర్ ఘనంగా కనిపించినా ఆన్‌లైన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో క్లిక్‌కు ఆగుతుందంటే అనుమానించాల్సింది లేటెన్సీనే. ప్లాన్ పెంచితే ఇది తగ్గుతుందన్న గ్యారంటీ లేదు.

ఎఫ్‌యూపీ అంటే 'అన్‌లిమిటెడ్' ప్లాన్‌లో దాగి ఉన్న పరిమితి. నెలకు ఇన్ని జీబీలు దాటితే వేగం తగ్గిస్తారు. నెలాఖరులో మాత్రమే నెట్ నెమ్మదిస్తోందంటే ఒకసారి ఇది చూడండి.

నీళ్ల పైపుతో పాటే ఫైబర్

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగలో కాంతి రూపంలో వెళ్లే డేటా. తెలంగాణలో దీనికి ఓ ప్రత్యేక కథ ఉంది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు నలిగిన నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడం ఆ పథకం ఉద్దేశాల్లో ముఖ్యమైనది. ఆ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కేబుల్ కూడా వేయాలని నిర్ణయించారు. అదే టీ-ఫైబర్. 2024 డిసెంబర్ 8న ఈ సేవలను ప్రారంభించినప్పుడు మొదట ఎంచుకున్న ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. కేంద్ర ప్రభుత్వ భారత్‌నెట్ కూడా గ్రామ పంచాయతీల వరకు ఫైబర్ తీసుకెళ్లే పథకమే.

కనెక్షన్లలో రెండు రకాలు. బ్రాడ్‌బ్యాండ్ అంటే నలుగురితో పంచుకునే లైన్. చౌక. లీజ్డ్ లైన్ అంటే మీకే కేటాయించిన లైన్. డౌన్‌లోడ్, అప్‌లోడ్ సమానంగా ఉంటాయి. ఎంతసేపట్లో బాగు చేయాలో రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందాన్నే ఎస్ఎల్ఏ అంటారు. ఖర్చు చాలా ఎక్కువ. చిన్న దుకాణానికి అది అక్కర్లేదు. దానికి బదులు రెండు వేర్వేరు కంపెనీల మామూలు లైన్లు పెట్టుకుంటే, లేదా ఒక ఫైబర్, ఒక 4జీ, 5జీ సిమ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారడాన్ని 'ఫెయిల్‌ఓవర్' అంటారు. అయితే రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తుంటే లారీ తగిలినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. అదీ గమనించాలి.

అడ్రస్‌లు, తూములు: ఐపీ, డీఎన్ఎస్, పోర్ట్

ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్. 192.168 తో మొదలయ్యేవి మీ ఆఫీసు లోపలి నంబర్లు. ఇవి పక్క ఆఫీసులో కూడా ఉండొచ్చు. ఇంటి లోపల 'పెద్ద గది, చిన్న గది' అన్నట్టు. బయట ప్రపంచానికి కనిపించేది పబ్లిక్ ఐపీ. పాత పద్ధతిలో, అంటే ఐపీవీ4లో మొత్తం నంబర్లు సుమారు 429 కోట్లే. ప్రపంచమంతటికీ అవి చాలవు. అందుకే కంపెనీలు ఒకే పబ్లిక్ నంబర్‌ను చాలామంది కస్టమర్లకు కలిపి ఇస్తుంటాయి.

స్టాటిక్ ఐపీ అంటే మారకుండా మీకే ఉండే నంబర్. మామూలుగా వచ్చేది డైనమిక్, అంటే మారుతూ ఉంటుంది. బయటి నుంచి నేరుగా మీ సర్వర్‌లోకి రావాలంటే స్టాటిక్ కావాలి. బిల్లింగ్‌కు, మెయిల్‌కు, యూపీఐకి అక్కర్లేదు. ఎవరైనా అదనపు డబ్బుతో స్టాటిక్ ఐపీ అంటగడుతుంటే "ఏ పనికి?" అని అడగండి.

డీఎన్ఎస్ అంటే ఇంటర్నెట్ ఫోన్‌బుక్. ఫోన్‌లో మనం పేరు నొక్కితే నంబర్ దానంతటదే పోతుంది కదా, అలాగే వెబ్‌సైట్ పేరు కొట్టగానే దాని ఐపీ నంబర్ వెతికి ఇచ్చేది డీఎన్ఎస్. ఇది ఆగిపోతే లైన్ బాగానే ఉన్నా ఏ సైటూ తెరుచుకోదు.

డొమైన్ అంటే వెబ్‌సైట్ పేరు. హోస్టింగ్ అంటే ఆ వెబ్‌సైట్ ఫైళ్లు ఉండే చోటు. దుకాణం బోర్డు ఒకటి, అద్దె షట్టర్ ఇంకోటి. చీరల వ్యాపారులు ఇక్కడ జాగ్రత్తపడాలి. సైట్ చేసిచ్చినాయన డొమైన్‌ను తన పేరు మీదే రిజిస్టర్ చేసుకుంటే, రేపు గొడవ వచ్చినప్పుడు మీ బోర్డు ఆయన చేతిలో ఉంటుంది. డొమైన్ మీ పేరు, మీ మెయిల్ మీదే ఉండాలి. రెన్యువల్ తేదీ గుర్తుండాలి.

పోర్ట్ అంటే చెరువుకు తూము లాంటిది. ఒక కంప్యూటర్‌లోకి వచ్చిపోయే దారులకు 65,535 వరకు నంబర్లు ఉంటాయి. సురక్షిత వెబ్‌సైట్లకు 443. విండోస్ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389. అవసరం లేని తూము తెరిచి పెడితే చెరువు ఖాళీ అవుతుంది. 3389ని బయటికి తెరిచి పెట్టిన ఆఫీసుల కోసం హ్యాకర్లు నిత్యం వెతుకుతూనే ఉంటారు.

ఫైర్‌వాల్ అంటే ఆ తూముల దగ్గర కాపలా. ఏది లోపలికి రావాలి, ఏది వద్దో చూసి ఆపుతుంది. విండోస్‌లో ఒకటి ముందే ఉంటుంది. ఏదో సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదని దాన్ని ఆపేసి మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతుంటారు. ఇవాళే ఓసారి చూడండి.

అవతలి వైపు: సర్వర్, క్లౌడ్, ఏపీఐ

సర్వర్ అంటే అడిగినవాళ్లకు జవాబిచ్చే కంప్యూటర్. అది మీ ఆఫీసు మూలన ఉండొచ్చు, ఢిల్లీలోనూ ఉండొచ్చు. 'సర్వర్ డౌన్' అంటే ఆ కంప్యూటర్ ఆగిపోయిందనో, ఒకేసారి ఎక్కువ మంది రావడంతో జవాబివ్వలేకపోతోందనో అర్థం. రిటర్నుల చివరి తేదీన మనం చూసేది ఎక్కువగా రెండోదే.

క్లౌడ్ పేరులో మేఘం ఉంది కానీ, ఉండేది భూమి మీదే. అదీ మనకు దగ్గర్లోనే. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. 2016లో జిల్లాల విభజన వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ ప్రాంతంలో డేటా సెంటర్ల కోసం మైక్రోసాఫ్ట్ భూములు తీసుకుంది. క్లౌడ్ అంటే ఇలాంటి డేటా సెంటర్లలోని వేరేవాళ్ల కంప్యూటర్లను అద్దెకు వాడుకోవడం. అంతే.

సాఫ్ట్‌వేర్‌నే నెలవారీ అద్దెకు ఇస్తే దాన్ని 'సాస్' అంటారు. కొనేటప్పుడు ధర తక్కువ అనిపిస్తుంది. అద్దె ఆపితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. కాబట్టి చేరేముందే అడగాల్సిన ప్రశ్న.. "మానేస్తే మా డేటా ఎక్సెల్ ఫైల్‌గా ఇస్తారా?"

ఏపీఐ అంటే రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తిరిగే గుమాస్తా. ఏడాదికి 5 కోట్ల రూపాయలకు మించి టర్నోవర్ ఉన్న వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కగానే వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, 64 అక్షరాల ఐఆర్ఎన్ నంబర్, క్యూఆర్ కోడ్ తిరిగి వస్తాయి. ఆ తీసుకెళ్లి తెచ్చే పని ఏపీఐది. 'ఏపీఐ ఎర్రర్' వస్తే నెట్ పోయినట్టు కాదు. నేరుగా పోర్టల్‌లో లాగిన్ అయి బిల్లు తీసుకునే అవకాశం ఉంటుంది.

బ్యాకప్: ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే

బ్యాకప్ అంటే డేటాకు విడిగా దాచిన నకలు. 'సింక్' బ్యాకప్ కాదు. సింక్‌లో ఇక్కడ ఫైల్ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచే పెన్‌డ్రైవ్ కూడా బ్యాకప్ కాదు. వైరస్ వస్తే దానికీ పడుతుంది.

ప్రపంచమంతా పాటించే సూత్రం 3-2-1. డేటా మూడు కాపీలు ఉండాలి. రెండు రకాల పరికరాల్లో ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి. మిల్లు కంప్యూటర్‌లో ఒకటి, వారానికోసారి తగిలించి తీసేసే హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. దాన్నే 'రీస్టోర్ టెస్ట్' అంటారు.

ర్యాన్సమ్‌వేర్ అంటే మీ ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే వైరస్. 2019 ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి రోజుల్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు, కంప్యూటర్ వ్యవస్థలు ఇలాంటి దాడికే గురయ్యాయి. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు కరెంట్ ఇచ్చే దక్షిణ డిస్కం కూడా ఉంది. 2024 జులై 31న చిన్న బ్యాంకులకు సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థపై దాడి జరిగితే, వైరస్ పాకకుండా ఎన్‌పీసీఐ ఆ వ్యవస్థను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది. దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల కస్టమర్లకు కొంతసేపు యూపీఐ, ఏటీఎం సేవలు ఆగాయి. మీ ఆఫీసులోనూ ఇదే సూత్రం. ఫైళ్లు తెరుచుకోకుండా వింత మెసేజ్ కనిపిస్తే ముందు ఆ కంప్యూటర్ ల్యాన్ వైరు పీకేయండి, వైఫై ఆపేయండి. మిగతావి తర్వాత.

ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ రంధ్రానికి కంపెనీ ఇచ్చే మాట్లు. 2017 మే 12న ప్రపంచాన్ని వణికించిన వానాక్రై ర్యాన్సమ్‌వేర్‌కు ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. ఇక విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ బిల్లింగ్ కంప్యూటర్ ఇంకా దాని మీదే నడుస్తుంటే అప్‌గ్రేడ్ గురించి ఆలోచించాల్సిన టైమ్ వచ్చేసింది.

ఒక్క క్లిక్.. 12 కోట్లు

ఫిషింగ్ అంటే నమ్మించే మెయిల్, మెసేజ్‌తో ఎర వేయడం. ర్యాట్ అంటే మీకు తెలియకుండా మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే దొంగ సాఫ్ట్‌వేర్. అడ్మిన్, సూపర్ యూజర్ అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చగల పూర్తి అధికారం ఉన్న లాగిన్. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూశాం.

2022 జనవరిలో ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. పోలీసుల దర్యాప్తు ప్రకారం, 2021 నవంబర్‌లో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరే. ఆ దారిలో ర్యాట్ లోపలికి వచ్చింది. సూపర్ యూజర్ లాగిన్లు అవసరానికి మించి ఉన్నాయని, కొందరివి ఒకే పాస్‌వర్డ్‌లని అప్పట్లో పోలీసులు చెప్పారు. తర్వాత 2023లో ఆ బ్యాంకుకు ఆర్‌బీఐ 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

బ్యాంకు పరిస్థితే అలా ఉంటే దుకాణం సంగతేంటి? కాబట్టి రోజువారీ బిల్లింగ్‌కు అడ్మిన్ లాగిన్ వాడకండి. ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వండి. మానిట‌ర్‌కు పాస్‌వర్డ్ చీటీ అంటించకండి. కస్టమర్లకు ఇచ్చే వైఫైను 'గెస్ట్' పేరుతో విడిగా పెట్టండి.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్. పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్, బ్యాంక్ కేవైసీ, పెళ్లి కార్డు.. ఏ పేరుతో వచ్చినా సరే, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ను నొక్కొద్దు. నొక్కి అనుమతులిస్తే ఫోన్‌కు వచ్చే ఓటీపీలు అవతలివాళ్లూ చదువుతారు.

వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీద మీ ఆఫీసుకు మాత్రమే వేసుకున్న ప్రైవేటు దారి. బయటి నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడాలంటే పోర్ట్ తెరవడం కన్నా ఇది నయం.

హెచ్‌టీటీపీఎస్, తాళం గుర్తు అంటే మీకూ ఆ సైట్‌కూ మధ్య సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. ఆ సైట్ మంచివాళ్లదని కాదు. దొంగ సైట్లకూ తాళం గుర్తు ఉంటుంది.

టూ-ఫ్యాక్టర్ అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో రుజువు. ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలో 2025 ఏప్రిల్ 1 నుంచి ఇది అందరికీ తప్పనిసరి. ఇక్కడే లారీ ఆగేది. చాలా వ్యాపారాల్లో రిజిస్టర్డ్ మొబైల్ యజమానిదో, ఆడిటర్‌దో అయి ఉంటుంది. ఆయన పెళ్లిలో ఉంటే ఓటీపీ రాదు. దీనికి దారి ఉంది. పోర్టల్‌లో ఆపరేటర్‌కు 'సబ్ యూజర్' లాగిన్ పెట్టి ఆయన నంబర్ ఇస్తే, ఓటీపీ ఆయనకే వెళ్తుంది.

మళ్లీ ఆ లారీ దగ్గరికి: రెండు నిమిషాల్లో తేల్చేయండి

'నెట్ పోయింది' అనగానే ఈ వరుసలో చూడండి..

1. ఒక్క కంప్యూటర్‌కేనా, అందరికీనా? ఒక్కదానికే అయితే వైరు, వైఫై చూడండి. కేబుల్ వాళ్లకు ఫోన్ అక్కర్లేదు.

2. అందరికీ పోతే ఓఎన్‌టీ లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైట్ వెలుగుతుంటే బయట ఫైబర్ సమస్య. కేబుల్ వాళ్లకు "ఎల్ఓఎస్ రెడ్ వస్తోంది" అని చెప్పండి. "మీ కంప్యూటర్ చూస్కోండి" అన్న జవాబు ఇక రాదు.

3. లైట్లు బాగానే ఉంటే రౌటర్‌ను ఆపి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి.

4. వాట్సాప్ వస్తోంది, సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదా? డీఎన్ఎస్‌ను అనుమానించండి.

5. మిగతా సైట్లన్నీ వస్తూ ఒక్క పోర్టలే రావట్లేదా? అవతల సర్వర్ సమస్య. కాసేపు ఆగి ప్రయత్నించండి.

6. పోర్టల్ వచ్చి లాగిన్ దగ్గర ఆగితే ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళ్తోందో చూడండి.

7. మొదటి మూడింటిలో ఏదైనా సరే, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ముందు బిల్లు తీసి లారీని పంపేయండి. రిపేర్ తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఏడు లైన్లు రాసి కంప్యూటర్ పక్క గోడకు అంటించండి. పాస్‌వర్డ్ చీటీ ఉండాల్సిన చోటు కాదు గానీ, దీనికి మాత్రం అదే సరైన చోటు.

డబ్బు పోతే..

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పోవడానికే పిన్. "డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అన్నారంటే మోసమే. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమని తెలియనివాళ్లు చెప్పినా మోసమే.

ఒకవేళ పోతే సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం. మొదటి గంట విలువైంది. ఎప్పుడు, ఎంత, ఏ ఖాతా నుంచి, లావాదేవీ నంబర్ ఎంత.. ఈ నాలుగూ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.